అవస్థాభేదము – ఆత్మనిష్ఠ



మనుష్యుఁడు ఈ లోకమునకు వచ్చునపుడు పేరులేక వచ్చును. పిమ్మట లోకము వానికిఁ బేరుమీఁదఁ బేరు పెట్టుచుండును. మొదట ఒకరి కుమారుఁడని పేరు. పెరిగిన పిదప భర్త యని, తండ్రి యని పేరు. కచ్చేరిలోఁ జేరినచో గుమాస్తా యనియో తహసీలుదారనియో పేరు. నాలుగెకరముల మాగాణి యున్నచో రైతని పేరు. నలుగురు తన మాట విన్నచో పెద్దమనిషి యని పేరు. స్త్రీకి ఫలానివారి కూఁతురు, ఫలానివారి భార్య, ఫలానివారి తల్లి యని పేరు. ఈ పేరులతోనే ఉదయమున మేల్కొనుచున్నాము. ఈ పేరులతోనే రాత్రి నిద్రించుచున్నాము. కొంతకాలమునకు ఈ పేరులే మనమని నమ్ముచున్నాము.

ఒకానొక దినమున ఆ పేరు పోవును. ముప్పదియేండ్లు కచ్చేరికి నడచినవాఁడు ఉద్యోగవిరామము పొందిన మఱునాఁడు, యథాప్రకారము చొక్కా తొడిగికొని, పోవలసిన చోటు లేదని జ్ఞప్తికి వచ్చి అరుఁగుమీఁదఁ గూలఁబడును. చిత్తూరుసీమ పడమటి మండలములలో బోరుమీఁద బోరు వేసి, నీరు పడక, అప్పులకై భూమి నమ్ముకొని, బెంగుళూరు చేరి పరుల మేడకుఁ గావలి కూర్చున్న రైతును చూడుఁడు. ఊరిలో "పెద్దాయనా" యని పిలిపించుకొన్న ఆయన అక్కడ "వాచ్‌మన్" అని పిలువఁబడుచున్నాఁడు. భర్త గతించిన స్త్రీ తాను నిన్నటివఱకు ముందుండి నడపిన పెండ్లిపేరంటములలో నేఁడు ఏ మూల నిలువవలయునో యెఱుఁగక తడఁబడుచున్నది. దీర్ఘరోగము వలన వృత్తిని విడిచినవాఁడు తన చేతులనే చూచుకొని, ఇవి యెవరివని యనుకొనుచున్నాఁడు. వీరందఱి హృదయములలోను ప్రశ్న యొక్కటే: "ఇఁక నేనెవరను? దేనికొఱకు ఱేపు లేవవలయును?"

ఈ ప్రశ్నను గూర్చియే మేము నేఁడు మీతో విచారింపఁ గోరుచున్నాము. ఇది పండితుల వాదమునకు సంబంధించినది గాదు. ఇది మనలో నొక్కొక్కరి గడప తొక్కెడి ప్రశ్న. కొందఱికి వచ్చినది, తక్కినవారికి రాఁగలదు.

ఇట్టి దుఃఖితునికి లోకము సామాన్యముగా మూఁడు విధముల సమాధానము చెప్పును. "అంతయు మాయ, దేనికి విచారించెదవు?" అనునది మొదటిది. బిడ్డను పోఁగొట్టుకొన్న తల్లికి ఆ బిడ్డ మాయ కాదు. ప్రేమించుట యబద్ధమైనచో ప్రేమస్వరూపుఁడని మనము కొలిచెడి ఈశ్వరుఁడును అబద్ధమే కావలసి వచ్చును. "ఇది నీ పూర్వకర్మ" యనునది రెండవది. గాయపడినవానికిఁ గట్టు కట్టుటకు మాఱుగా వానిమీఁద నేరము మోపుట ఇదియే. "మఱచిపొమ్ము, మునుపటివలె నుండుము" అనునది మూఁడవది. ఇది చెప్పువారు మంచివారే. కాని మునుపటి యిల్లు పడిపోయినది గనుకనే గదా వాఁడు వీధిలో నిలిచియున్నాఁడు? లేని యింటిలోనికి మఱలఁ బొమ్మనుట యుపకారము కానేరదు.

మేము నమ్మునది వేఱు. పేరులన్నియు వచ్చుటకు ముందే మనకొక సంబంధము కలదు. సృష్టించినవానికిని సృష్టింపఁబడిన యాత్మకును నడుమ నున్న సంబంధమది. దానికిఁ బురోహితుఁడు సాక్షి గాఁడు. కచ్చేరిలో దానికి రిజిస్టరు లేదు. మంగళసూత్రముతో నది రాలేదు, దానితోఁ బోదు. లోకము పెట్టిన పేరులు ఆ యాత్మ తొడిగిన వస్త్రములు. వస్త్రము మనకు ప్రియమైనదే, అది చినిఁగినప్పుడు చలి వేయును, ఏడ్పు వచ్చును. అయినను, చలిచే వడఁకుచున్నవాఁడొకఁడు లోపల నున్నాఁడనుటకు ఆ వడఁకే ప్రమాణము. "నేనెవరను" అని యడుగుచున్నది పోయిన పేరు కాదు, మిగిలిన యాత్మ.

దీనికి నిదర్శనమును దూరదేశములలో వెదకఁ బనిలేదు. వాయల్పాడు ప్రాంతమున, గుఱ్ఱముకొండకు సమీపమున, తరిగొండ యను గ్రామము కలదు. ఈ గ్రామము 2022 వఱకు చిత్తూరు జిల్లాలోనిది. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చట వెంగమాంబ యను బాలిక జన్మించెను. ఆ కాలపు ఆచారము చొప్పున చిన్నతనముననే ఆమెకు వివాహము చేసిరి. చిన్నతనముననే ఆమె భర్తను గోల్పోయెను. కాపురమన నేమో యెఱుఁగని పిల్లకు లోకము ఒక్కదినములో విధవ యను పేరు పెట్టెను. ఆ పేరు పెట్టి యూరకుండలేదు. తల గొఱిగించుకొమ్మనెను, బొట్టు తుడిచికొమ్మనెను. ఆమె యొప్పుకొనలేదు. తన నాథుఁడు వేంకటేశ్వరుఁడే యని చెప్పి, కురులను విడువలేదు, బొట్టును విడువలేదు. దానిచే ఆమె పడిన నిందలను ఆ సీమలో నేఁటికిని కథలు కథలుగాఁ జెప్పుకొందురు.

ఈ ముండనమును గూర్చి యొకమాట చెప్పవలసియున్నది. తిరుమల కొండమీఁద కళ్యాణకట్ట కలదు. అచ్చట నిత్యము వేలకొలఁది జనులు, పురుషులు, ముత్తైదువలు, పసిబిడ్డలు, తమంతఁ దాము వచ్చి తల నీలాలిచ్చి పోవుచున్నారు. మేము నిరాకారుఁడగు పరబ్రహ్మమునే యుపాసించువారము. విగ్రహారాధనమునందుఁ గాని మ్రొక్కుబడులయందుఁ గాని మాకు విశ్వాసము లేదు. అయినను న్యాయముగాఁ జూచినచో, అచ్చట తల వంచిన స్త్రీ తన యిష్టముతో వంచుచున్నది. మఱునాఁటికి ఆమె గౌరవమునకు వెండ్రుకంత లోపము లేదు. అదే కత్తి, అదే తల. విధవకుఁ జేసినపుడు మాత్రము అది కానుక గాదు, శిక్ష. తానిచ్చిన దానికిని, తననుండి లాగికొన్న దానికిని ఇంత భేదము కలదు. జీవితమునందలి మార్పులలో మనుష్యుని విఱుచునది మార్పు మాత్రమే కాదు. ఆ మార్పునకు అర్థము చెప్పు నధికారము తనది కాక పరులదగుటయే వానిని విఱుచును. వెంగమాంబ తన కురులను నిలుపుకొన్నప్పుడు నిలుపుకొన్నది సౌందర్యమును గాదు. తన బ్రతుకునకుఁ దానే యర్థము చెప్పు నధికారమును నిలుపుకొన్నది.

మదనపల్లెకుఁ జెందిన సుబ్రహ్మణ్యశాస్త్రి యను గురువునొద్ద ఆమె యోగమును వేదాంతమును అభ్యసించెననియు, ఊరి యాలయమునందు ధ్యానము సేయనీయక తఱుమఁగా తరిగొండ విడిచి తిరుమల చేరెననియు సంప్రదాయము. అచ్చటను ఇరుగుపొరుగు బాధలు తప్పకపోఁగా కొంతకాలము తుంబురుకోనలో నేకాంతముగాఁ దపము చేసెనని చెప్పుదురు. పిమ్మట మఱల జనుల నడుమకు వచ్చి, ద్విపదలు, యక్షగానములు, శతకము, యోగశాస్త్రగ్రంథములు రచించెను. వేంకటాచల మాహాత్మ్యము, వాసిష్ఠ రామాయణము, ద్విపద భాగవతము ఆమె కృతులే. 1817లో ఆమె దేహము చాలించెను. ఆమె సమాధి తిరుమలయందే యున్నది.

ఇందు గమనింపవలసిన విశేషమొకటి కలదు. తనకు నిలువ నీడయీయని యూరి పేరును ఆమె విడువలేదు. తరిగొండ నృసింహునే తన కృతులలోఁ దలఁచెను. నేఁడు తరిగొండ యను పేరును తెలుఁగువారు స్మరించుట ఆమె మూలముననే. శుభకార్యములలో ఎదురు రాఁగూడని విధవగా లోకము నెట్టివేసిన యామె పేరనే నేఁటికిని తిరుమల యాలయమునందు ఏకాంతసేవలో ముత్యాలహారతి నడచుచున్నది. 2011లో తెఱువఁబడిన యన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. అచ్చట ప్రతిదినమును వేలకొలఁది యాత్రికులు, కులభేదము నడుగకయే, ఒక్క పంక్తిని భుజించుచున్నారు. హారతిని మేమంగీకరింపకున్నను అందలి న్యాయమును అంగీకరింపకుండలేము.

"ఆమె మహాకవయిత్రి, యోగిని, మా బోఁటివారి మాట యేమి?" యని మీరడుగవచ్చును. ఉచితమైన ప్రశ్నయే. కాఁబట్టి కవిత్వము వ్రాయనివారి కథను గూడఁ జెప్పెదము. అది మన సమాజమునకుఁ జిరపరిచితమైనదే. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ వివాహములలో పెండ్లికూఁతుండ్రైనవారు గ్రంథకర్త్రులు గారు. ఇంటిపనియే తెలిసిన బాలికలు. పెండ్లియాడిన మఱుక్షణమునుండి వారికి పుట్టినిల్లు లేదు, బంధువులు లేరు. వారితోఁ గూడినవారిని సైతము లోకము వెలివేసెను. వంటవారును నీళ్లవారును రాక మానిన కాలమున, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే నీళ్లు మోసి, వండి వడ్డించిరి. ఆ బాలికలు తమ క్రొత్త పేరును మఱియే మహాకార్యముచేతను గడింపలేదు. పొద్దున పొయ్యి వెలిగించి, సాయంకాలము దీపము పెట్టి, బిడ్డలను గని పెంచి, దినదినము గడించిరి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో గతించిరి. సగము ప్రాణము పోయినట్లయిన పంతులుగారు ఆ పిమ్మటను 1919లో కన్ను మూయువఱకు కలమును విడువలేదు. దుఃఖము తీఱిన తరువాత పని చేయుదమని ఆయన యెదురు చూడలేదు. పనిలోనే దుఃఖమునకుఁ జోటిచ్చిరి.

భర్తను గోల్పోయినవారికే గాక, ధనమును గోల్పోయినవారికిని ఇదే ధర్మము. మన సమాజమునకు మూలపురుషులలో నొకరగు మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు వంగదేశమునందెల్ల ప్రసిద్ధుఁడైన ధనికుని కుమారులు. తండ్రి ద్వారకానాథులు 1846లో లండనునందు గతించిరి. కొలఁదికాలమునకే వారి వ్యాపారసంస్థ కూలి, అపారమైన ఋణములు తలమీఁదఁ బడెను. ఆస్తిలోఁ గొంతభాగము అప్పులవారికి అందకుండ తండ్రి ముందే కట్టుబాటు చేసియుండెను. దానిని చాటుగా నుంచుకొన్నను చట్టము తప్పు పట్టదు. దేవేంద్రనాథులు దానినిఁ గూడ ఋణదాతల ముందుంచిరి. ఇంటి యాడంబరములను విడిచి, సంవత్సరములకొలఁది శ్రమించి ఋణము తీర్చిరి. ధనికుఁడను పేరు పోయెను. మాట తప్పనివాఁడను పేరు నిలిచెను. మొదటి పేరు తండ్రి యిచ్చినది. రెండవది తాను గడించినది.

మఱియు, పోవునది యెల్లపుడు దుఃఖకరమైన పేరే కానక్కఱలేదు. గొప్ప పేరును గూడ ఒక్కొక్కప్పుడు సత్యముకొఱకు దించవలసి వచ్చును. 1895లో మన మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారిని చిన్ననాఁడే దివ్యజ్ఞానసమాజమువారు చేరఁదీసి, లోకగురువు కాఁగలఁడని ప్రకటించిరి. ఆయన కొఱకు నక్షత్రసంఘమను పెద్ద సంఘమును స్థాపించిరి. వేలకొలఁది శిష్యులు చేరిరి. తమ్ముఁడు నిత్యానందుఁడు 1925లో మరణించుట ఆయనను మిక్కిలి కలఁచెను. 1929 ఆగష్టు 3వ తేదిని హాలండు దేశములోని ఓమెనునందు, అంతమంది యెదుట, ఆ సంఘమును తానే రద్దు చేసిరి. ఆయన సిద్ధాంతములన్నియు మనవి కావు. కాని పరులు తొడిగిన కిరీటమును తన చేతులతోఁ దీసి క్రింద నుంచుటకుఁ గావలసిన ధైర్యము, పరులు పెట్టిన నిందను త్రోయుటకుఁ గావలసిన ధైర్యముకంటెఁ దక్కువది కాదు. ఆయన 1986 వఱకు జీవించిరి. పేరు దించినవాని పని ఆ దినముతో నిలువలేదు. ఆ దినముననే యారంభమయ్యెను.

ఇఁక మఱల లేచి నడచుట యెట్లను విషయము విచారింతము. ఉత్సాహమనునది బజారులోఁ దెచ్చుకొనునది కాదు. అది లోపలినుండి పుట్టవలయును. పుట్టుటకుఁ గాలము కావలయును. పలమనేరు, కుప్పము, మదనపల్లె ప్రాంతములలో పట్టుపురుగులు పెంచు రైతులకు ఈ సంగతి మనకంటె బాగుగాఁ దెలియును. ఆ పురుగు గూడు కట్టులోపల నాలుగుసారులు చర్మము విడుచును. అట్లు విడుచు సమయమును వారు జ్వరమందురు. జ్వరము వచ్చిన పురుగు మేఁత ముట్టదు; తల పైకెత్తి, కదలక, ఇంచుమించు ఒకదినము నిలిచిపోవును. ఎఱుఁగనివాఁడు చచ్చినదనుకొనును. ఎఱిఁగిన రైతు అప్పుడు ఆకు వేయఁడు. పడకను ఆరనిచ్చి, దానిని కదలింపక విడుచును. పాతచర్మము ఇఱుకైనందుననే జ్వరము వచ్చినదని వానికిఁ దెలియును. పురుగులన్నియు జ్వరము లేచిన పిమ్మట ఆకు వేయును. అప్పుడవి మునుపటికంటె నెక్కువగాఁ దినును. తుదకు చంద్రికలమీఁది కెక్కి, ఎడతెగని యొక్క పోఁగుతో గూడు కట్టుకొనును. పట్టుకొఱకు ఆ ప్రాణిని చంపుట తగునా యనునది వేఱు విచారము. దాని జ్వరమునుండి మాత్రము మనము నేర్చుకొనవలసినది కలదు.

దుఃఖమునందు కదలక నిలిచినవానిని సోమరి యని నిందింపరాదు. వాని చర్మము మాఱుచున్నది. ఆ సమయమున ఉపదేశములను వానిమీఁదఁ గుమ్మరింపక, వాని పడకను శుభ్రముగా నుంచి, చెంత నుండుటయే స్నేహధర్మము. కాని జ్వరము లేచిన పిమ్మట ఆకు తప్పక వేయవలయును. ఆఁకలి పుట్టిన మనస్సునకుఁ బని యీయనిచో అది తన్నుఁ దానే తినును. జ్వరమునందు మేఁత వేయుట యెంత తప్పో, లేచిన తరువాత వేయకుండుట అంత తప్పు.

ఎంత పని? మదనపల్లె చెంత ఆరోగ్యవరమునందు ఇరువదవ శతాబ్దపు రెండవ దశకమునుండి క్షయరోగులకు ఆరోగ్యశాల నడచినది. క్షయను జయించు స్ట్రెప్టోమైసిన్ను 1943లోఁ గనుగొనువఱకు ఆ రోగమునకు సరియైన మందు లేదు. అంతకు ముందు అట్టి ఆరోగ్యశాలలలో విశ్రాంతి, నిర్మలవాయువు, పుష్టికరమైన ఆహారము, ఇవియే ప్రధానచికిత్స. నెలలకొలఁది పడకనంటియున్న రోగి కోలుకొనఁగా, ఒక్కసారిగా లేచి పొమ్మనరు. మొదట పడకమీఁదఁ గూర్చుండుట. పిమ్మట వసారాలో నాలుగడుగులు. ఆ పిమ్మట కొలిచి యిచ్చిన దూరము. తరువాత చేతికిఁ దేలికపని. నేఁటి కొలఁత చక్కఁగా సాగినచో ఱేపటి కొలఁత కొంచెము హెచ్చును. ఆత్మకును ఇదే చికిత్స. "నా జీవితమునంతయు మఱలఁ గట్టుకొనవలయును" అని తలఁచినవాఁడు ఆ భారముచేతనే క్రుంగును. "ఈ యుదయమున ఈ యొక్క పని" యని తలఁచినవాఁడు లేచును. విరామము పొందిన గుమాస్తా ప్రక్కవీధి పిల్లవానికి గణితము చెప్పవచ్చును. భూమి పోయిన రైతు తాను గావలియున్న మేడ ముంగిట నాలుగు మొక్కలు నాటవచ్చును. వాని చేతికి మట్టి తెలియును గదా! పని చిన్నది కానిండు. ప్రతిదినము చేయునది, మఱొకరికి ఉపయోగపడునది కావలయును. నిశ్చితమైన వేళ ప్రార్థనకుఁ గూర్చుండుటయు నట్టిదే. మనసు రానినాఁడును కూర్చుండవలయును. మనసు రానినాఁటి ప్రార్థనయే నిజముగా మనదగు ప్రార్థన.

సోదరులారా! ఒంటిగాఁ జేయఁగలిగినది ఇంతవఱకే. తక్కినది మన చేతిలో నున్నది. మనము ఎంతమందిని వారి పోయిన పేరుతోనే బంధించియున్నామో యాలోచింపుఁడు. వితంతువును పెండ్లికిఁ బిలిచి పందిరి వెనుక నిలుపుచున్నాము. రోగము నయమై వచ్చినవానికి అద్దెకు ఇల్లీయ సంకోచించుచున్నాము. పరీక్షలోఁ దప్పినవానిని పదియేండ్ల తరువాతను తప్పినవాఁడనియే చెప్పుకొనుచున్నాము. జైలునుండి వచ్చినవానికి మఱల జైలే గతి యగునట్లు చేయుచున్నాము. ఈశ్వరుఁడు ప్రతి యుదయమున క్రొత్త దినము నిచ్చుచుండఁగా, మనము నిన్నటి దినమును వారి ముఖములమీఁద వ్రాసి త్రిప్పుచున్నాము. ఇది పాపము. లేవఁదలఁచిన మనుష్యుని చేయి పట్టుకొని లేపకున్నను, వాని భుజముమీఁదినుండి మన చేయి తీయుట యైన మన విధి. ఒక వితంతువుచేత మీ యింటి శుభకార్యమునందు మొదటి దీపమును వెలిగింపించుఁడు. ఒక నిరుద్యోగిని, వాఁడు చేసిన యుద్యోగమును గాక, వాని క్షేమమును ముందుగా నడుగుఁడు. ఇవి చిన్నపనులే. తరిగొండలో నెవరైనను ఒక్కరు ఆ బాలికకు ఈ చిన్నపని చేసియున్నచో ఆమె యూరు విడువ నక్కఱ లేకపోయెడిది.

ప్రార్థన

దయామయా! పరమాత్మా! నీవు మాకుఁ బెట్టిన పేరును మేమింకను వినలేదు. లోకము పిలిచిన పేరులకే పలుకుచు వచ్చితిమి. అవి యొకటొకటిగాఁ బోవుచున్నప్పుడు మాకు భయము కలుగుచున్నది. ఆ భయమును నీ యెదుట దాఁచము. పోయినవారి మీఁది ప్రేమను మానుండి తీసివేయకుము. దానిని సేవగా మార్చుము. ఏమియుఁ దోఁపని యుదయమున, చేయవలసిన యొక్క పనిని మా కన్నులకుఁ జూపుము. మా పొరుగువాఁడు లేచుచున్నప్పుడు వానికి మేమడ్డము కాకుండునట్లు మా హృదయములను విశాలము చేయుము. అవస్థలు మాఱినను నీ యందు మాకుఁగల యాశ్రయము మాఱకుండుఁ గాక.

ఓం శాంతిః శాంతిః శాంతిః.